సైన్యం వెంట నడిచిన పాటపెట్టెలు

1917 ఏప్రిల్‌లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగింది. ఆ ఏడే ఎడిసన్ కంపెనీ సైన్యం కోసమని ప్రత్యేకంగా ఒక ఫోనోగ్రాఫు తయారుచేసింది. ఆ కంపెనీ ఇళ్ళకు అమ్మే యంత్రాలు అప్పట్లో చాలావరకు ఎత్తైన చెక్క బీరువాలు. నున్నటి పాలిషు, నగిషీ జాలీ, డబ్బున్నవాళ్ళ ముందుగదిలో కొలువుండే సామాను. సైన్యం కోసం చేసిన యంత్రానికి ఆ సోకులేవీ లేవు. గట్టి పెట్టె, అందులో స్ప్రింగు మోటారు, లోపలే ఇమిడిన బూర, అంతే. ధర 60 డాలర్లు. దానికి ‘ఆర్మీ అండ్ నేవీ మోడల్’ అని పేరు. చాలా దళాలు దాన్ని కొనుక్కుని సముద్రం దాటించి తమ వెంట తీసుకుపోయాయి. ఊరికి దూరంగా ఉన్న కుర్రాళ్ళకు ఇంటి బెంగ తీర్చే వస్తువు అదొక్కటే అయిన రోజులు కూడా ఉండే ఉంటాయి.

పాత గ్రామఫోనులు సేకరించేవాళ్ళకు ఈ పెట్టె దొరకడమంటే పండగే. కంపెనీ చేసిన ఇతర యంత్రాలు ఈనాటికీ వేలంపాటల్లో కనబడుతూనే ఉంటాయి, ఇది మాత్రం అరుదు. కారణం ఊహించడం కష్టం కాదు. ఇంట్లో ఉన్న యంత్రాన్ని గుడ్డ కప్పి దాచుకుంటారు. శిబిరంలో ఉన్నదాన్ని వందమంది వాడతారు, వానలో తడుపుతారు, లారీలో పడేస్తారు, దళం రద్దయిన రోజున ఎక్కడిదక్కడ వదిలేస్తారు. యుద్ధం నుంచి మనిషి తిరిగి రావడమే గొప్ప అయినప్పుడు పెట్టెను ఎవరు మోసుకొస్తారు?

అయితే అరుదైనది కాబట్టి విలువైనది అనుకుని ఊరుకుంటే ఈ యంత్రాలకు అన్యాయం చేసినట్టే. నేను వీటిని చూసే చూపు వేరు. పాట ప్లేటుకు కావలసిన ముడిసరుకూ ఫిరంగి గుండుకు కావలసిన ముడిసరుకూ చాలాసార్లు ఒకటే. యుద్ధం వచ్చినప్పుడు ఆ సరుకు కోసం రెండింటి మధ్యా పోటీ నడిచింది. ఆ పోటీలో ఎవరు గెలిచారో, ఓడినవాళ్ళు దేనితో సరిపెట్టుకున్నారో ఆ యంత్రాల ఒంటి మీదా ఆ ప్లేట్ల గరుకులోనూ ఇంకా చదవచ్చు. చదవడం తెలియాలి, అంతే.

ముందు యంత్రం సంగతి. కందకంలో కరెంటు లేదు. 1914 నాటి గ్రామఫోనుకు కరెంటు అక్కర్లేదు కూడా. కీ తిప్పితే లోపలి డ్రమ్ములో మీటర్ల పొడవున్న ఉక్కు పట్టీ బిగుసుకుంటుంది. అది విప్పుకుంటూ పళ్ళచక్రాల గుండా ప్లేటును తిప్పుతుంది. పోర్టబుల్ యంత్రాల్లో ఒకసారి నిండుగా కీ ఇస్తే దాదాపు ఒక వైపు పాట వస్తుంది. బిగుతుగా ఉన్నప్పుడు స్ప్రింగు బలంగా లాగుతుంది, వదులయ్యేకొద్దీ నీరసిస్తుంది. పాట మాత్రం మొదటి నుంచి చివరి దాకా ఒకే వేగంతో, నిమిషానికి సుమారు 78 చుట్లు తిరగాలి. లేకపోతే గాయకుడి గొంతు మొదట కీచుగా, చివర బొంగురుగా వినిపిస్తుంది.

దీన్ని సరిచేసేది గవర్నర్ అనే చిన్న పరికరం. సన్నటి ఇరుసు చుట్టూ మూడు పలుచని స్ప్రింగు రేకులు, ఒక్కో రేకు మధ్యలో ఒక్కో సీసపు గుండు. ఇరుసు ప్లేటుకంటే ఎన్నో రెట్లు వేగంగా తిరుగుతుంది. తిరనాళ్ళలో రంగులరాట్నం జోరందుకున్నప్పుడు కుర్చీలు బయటికి విసురుగా లేచినట్టు, వేగం పెరిగితే ఈ గుండ్లు బయటికి లేస్తాయి. అవి లేచినప్పుడు రేకులు వంగి, ఇరుసు మీది చిన్న పళ్ళేన్ని పక్కకు లాగుతాయి. ఆ పళ్ళెం తోలు బిళ్ళకు రాసుకుని వేగం తగ్గుతుంది. తగ్గగానే గుండ్లు దగ్గరికి వస్తాయి, బిళ్ళ పట్టు సడలుతుంది. మీరు పాట వింటున్నంతసేపూ ఈ రాసుకోవడం, వదలడం జరుగుతూనే ఉంటుంది. పాత యంత్రం కొనేటప్పుడు పాట వినకముందే పై పలక ఎత్తించి ఈ మూడు గుండ్లూ చూడండి. ఒక రేకు విరిగి ఉంటే మోటారంతా వణుకుతుంది. దుమ్ము పట్టిన గ్రీజు గట్టిపడి గుండ్లు కదలకపోతే పాట పరుగెడుతుంది.

యుద్ధం మొదలైన 1914లోనే లండన్‌లో బార్నెట్ శామ్యూల్ అండ్ సన్స్ అనే వాద్యాల కంపెనీ ‘డెక్కా’ పేరుతో మడిచి మోసుకెళ్ళే గ్రామఫోనును బజారులోకి తెచ్చింది. దీనికి బయటికి పొడుచుకొచ్చే బూర లేదు. మూత తెరిస్తే లోపలివైపు గుండ్రటి లోహపు తొట్టి కనిపిస్తుంది. ముల్లు కదలికను ధ్వనిగా మార్చే సౌండు బాక్సు నుంచి వచ్చిన ధ్వని దానికి తగిలి మనవైపు తిరుగుతుంది. పాట అయిపోయాక మూత వేసి పిడి పట్టుకుంటే చేతిపెట్టె. ఇది సైన్యం చేయించింది కాదు, కొన్నవాళ్ళు సైనికులు. ఫ్రాన్సులోని కందకాల్లోకి అది ఎంతగా చేరిందంటే సేకర్తలు దాన్ని ఇప్పటికీ ‘ట్రెంచ్ డెక్కా’ అనే పిలుస్తారు. ఆ పెట్టె పేరే తర్వాత 1929లో ఒక పెద్ద రికార్డు కంపెనీకి పేరైంది. ఎడిసన్ మోడల్‌తో పోలిస్తే డెక్కా దొరకడం సులువు, ధర కూడా తక్కువ. ఈ దారిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు దానితో మొదలుపెట్టడమే మంచిది.

ఇక రసాయనం సంగతి. ఎడిసన్ డిస్కులు ఇతరుల ప్లేట్ల వంటివి కావు. పావు అంగుళం మందం. వాటి గాడిలో ధ్వని పక్కలకు కాకుండా పైకీ కిందికీ రాసి ఉంటుంది. ముల్లు స్థానంలో అరగదీసిన వజ్రపు మొన ఉంటుంది. అంగుళానికి 150 గాళ్ళు, నిమిషానికి 80 చుట్లు. ఇంత సన్నటి గాడి ఆ మొన బరువును మోస్తూ అరగకుండా ఉండాలంటే మామూలు లక్క చాలదు. ఎడిసన్ మనుషులు ఫీనాల్‌తో చేసిన కండెన్సైట్ అనే గట్టి రెసిన్‌ను పైపూతగా వాడారు. బేకలైట్‌కు దగ్గరి చుట్టం అది.

ఫీనాల్ అప్పట్లో బొగ్గు తారు నుంచి వచ్చేది. అమెరికాకు కావలసింది చాలావరకు బ్రిటన్ నుంచి వచ్చేది. యుద్ధం మొదలవగానే బ్రిటన్ సరఫరా ఆపేసింది. ఎందుకంటే ఫీనాల్‌కు నైట్రిక్ ఆమ్లం చేర్చి పిక్రిక్ ఆమ్లం తీస్తారు. అప్పట్లో ఫిరంగి గుండ్లలో కూరిన పేలుడు పదార్థం అది. పాట ప్లేట్ల మీద పూయవలసిన సరుకు గుండ్లలోకి పోయింది. ఎడిసన్ ఊరుకోలేదు, బెంజీన్ నుంచి ఫీనాల్ తయారుచేసే సొంత కర్మాగారాన్ని న్యూజెర్సీలోని సిల్వర్ లేక్ దగ్గర కట్టాడు. 1915 జూన్ నాటికి అది రోజుకు 12 టన్నులు ఇస్తోంది. తన డిస్కులకు వాడుకోగా ఇంకా మిగులుతోంది.

ఆ మిగులు మీద జర్మనీ కన్ను పడింది. ఆస్పిరిన్ తయారీకి కూడా ఫీనాలే మూలం. బేయర్ కంపెనీకి చెందిన హ్యూగో ష్వైట్జర్ అనే రసాయనవేత్త మధ్యవర్తిగా నిలిచి ఎడిసన్ మిగులు ఫీనాల్‌ను కొనే ఒప్పందం కుదుర్చుకున్నాడు. డబ్బు జర్మన్ ప్రభుత్వానిది. మందుల పేరుతో సరుకు పోతే బ్రిటన్ మిత్రపక్షాల గుండ్లకు అంత తక్కువ దొరుకుతుందని వాళ్ళ లెక్క. 1915 జూలై 24న న్యూయార్క్ రైల్లో హైన్రిక్ ఆల్బర్ట్ అనే జర్మన్ అధికారి తన సంచి మరచి దిగాడు. వెంట నడుస్తున్న అమెరికన్ సీక్రెట్ సర్వీసు మనిషి దాన్ని ఎత్తుకుపోయాడు. అందులోని కాగితాలు ‘న్యూయార్క్ వరల్డ్’ పత్రికలో అచ్చయి పెద్ద గొడవైంది. ఎడిసన్ ఆ ఒప్పందాన్ని వదులుకుని మిగిలిన ఫీనాల్‌ను అమెరికన్ సైన్యానికి అమ్మాడు. ఒక పాటల కంపెనీ రెండు దేశాల రహస్య యుద్ధం మధ్యలోకి వచ్చింది, తాను తవ్వుకున్న దారిలోనే.

ఈ కథకు సేకర్త చేతికి అందే రుజువుంది. యుద్ధకాలంలో అచ్చయిన ఎడిసన్ డిస్కుల్లో చాలావాటిలో పాట వెనక నుంచి ఇసుక రాలుతున్నట్టు గరగర వినబడుతుంది. అంతకు ముందువీ యుద్ధం తర్వాతివీ నున్నగా పాడతాయి. మంచి పదార్థం దొరక్క నాసిరకంతో నెట్టుకొచ్చిన కాలం అది. ఆ గరగరను కంప్యూటరుతో తుడిచేసి వినేవాళ్ళున్నారు. పాట కోసమైతే తుడవండి, కానీ తుడవని ప్రతి ఒకటి ఉంచుకోండి. చరిత్ర ఉన్నది ఆ గరగరలోనే.

ధ్వనిని అందుకోవడంలో ఆ కాలపు బూరకున్న హద్దు కూడా యుద్ధం వల్లే బాగా బయటపడింది. 1918 అక్టోబరులో గ్రామఫోన్ కంపెనీకి చెందిన విల్ గైస్‌బర్గ్ రికార్డింగు సామానుతో ఫ్రాన్సులోని లిల్ నగరం దగ్గరికి వెళ్ళాడు. బ్రిటిష్ ఫిరంగులు విషవాయువు గుండ్లు పేల్చే శబ్దాన్ని మైనపు ప్లేటు మీద పట్టుకురావాలని. తెచ్చాడు కూడా. ఆ ప్లేటు అమ్మకానికి వచ్చేసరికి మనిషి లేడు. ఇన్‌ఫ్లుయెంజా సోకి నవంబరు మొదట్లో, యుద్ధం ముగియడానికి కొన్ని రోజుల ముందు పోయాడు. ఆ ప్లేటులో ఆజ్ఞ ఇచ్చే గొంతు ఉంది, గుండు దూసుకుపోయే ఈల ఉంది. అయితే అదంతా నిజంగా యుద్ధరంగంలోనే పట్టిందా, తర్వాత స్టూడియోలో కొంత కలిపారా అని పరిశోధకులు చాలాకాలంగా వాదిస్తున్నారు.

వాదనకు శాస్త్రం దన్నుగా ఉంది. అప్పటికి పాటల రికార్డింగులో మైకు వాడకం లేదు. బూరలోకి దూరిన గాలి అలలు ఒక పలుచని పొరను కదిలిస్తే, ఆ కదలికే మొనను నడిపి మైనంలో గాడి గీస్తుంది. ఈ పద్ధతికి సుమారుగా 200 నుంచి 2,000 హెర్ట్జ్ దాకా ఉన్న ధ్వనులే చిక్కుతాయి. ఫిరంగి గర్జనలో బలం చాలావరకు 100 హెర్ట్జ్ లోపే ఉంటుంది. అంటే ఛాతీ అదిరిపోయే ఆ శబ్దం బూరకు వినబడనే వినబడదు. ప్లేటులో అది అంత స్పష్టంగా ఉందంటే అనుమానం రావడం సహజం. నా మటుకు నేను ఆ ప్లేటును కొట్టిపారేయను. పూర్తిగా నిజమైనా కాకపోయినా, యుద్ధాన్ని ఇంట్లో కూర్చుని వినాలని జనం కోరుకున్నారని, దాన్ని వినిపించడానికి ఒకడు విషవాయువు దాకా వెళ్ళాడని అది చెబుతోంది.

సైన్యం చేతిలో ఫోనోగ్రాఫు వినిపించడానికే కాదు, వినడానికి కూడా పనికొచ్చింది. ఈ రెండో పని గురించి రాయడం నాకు కష్టంగానే ఉంటుంది. 1915 నుంచి 1918 దాకా జర్మనీలో ప్రభుత్వం నియమించిన ఫోనోగ్రాఫిక్ సంఘం యుద్ధఖైదీల శిబిరాలు తిరిగింది. విల్‌హెల్మ్ డోగెన్ అనే భాషల ఉపాధ్యాయుడి ఆలోచన అది. ప్రపంచం నలుమూలల మనుషులు ముళ్ళకంచెల వెనక ఒకేచోట దొరికారు, వాళ్ళ భాషలన్నీ పట్టుకుందామని. సుమారు 250 భాషలు, మాండలికాలు, 1,650 దాకా ప్లేట్లు, వెయ్యికి పైగా మైనపు గొట్టాలు. బెర్లిన్‌కు దక్షిణాన వున్స్‌డోర్ఫ్ దగ్గర ‘అర్ధచంద్ర శిబిరం’ ఉండేది. బ్రిటన్ తరఫున పోరాడి పట్టుబడ్డ భారతీయ సైనికులను అక్కడ ఉంచారు.

అక్కడ 1916 డిసెంబరు 11న మాల్‌సింగ్ అనే పంజాబీ సిపాయిని బూర ముందు నిలబెట్టారు. ఫిరోజ్‌పూర్ జిల్లా మనిషి. నిమిషం పైచిలుకు మాట్లాడాడు. తన గురించి తాను ‘ఒక మనిషి ఉండేవాడు’ అన్నట్టు చెప్పుకున్నాడు. ఆ మనిషి హిందుస్థాన్‌లో వెన్న తినేవాడని, ఇప్పుడు ఐరోపా యుద్ధంలో జర్మనీకి చిక్కాడని, తిరిగి వెళ్ళాలని ఉందని, వెళితే అదే తిండి తింటానని. ఏం మాట్లాడాలో పండితులు ముందే చూసుకునేవారు. ఖైదీ ఊరు, మతం, చదువు, వృత్తి అన్నీ కాగితం మీదికెక్కించేవారు. ఒప్పుకుంటావా అని అడిగినా ఖైదీ అన్నవాడు కాదనగలడా? ఆ ప్లేట్లు బెర్లిన్ హంబోల్ట్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. 2007లో వచ్చిన ‘ద హాఫ్‌మూన్ ఫైల్స్’ అనే డాక్యుమెంటరీ మాల్‌సింగ్ గొంతును మళ్ళీ లోకానికి వినిపించింది. సైనిక ఫోనోగ్రాఫుల గురించి మాట్లాడే ఏ పుస్తకమైనా ఆ గొంతును వదిలేస్తే అది అసంపూర్ణమే.

రెండో ప్రపంచ యుద్ధానికి వచ్చేసరికి కొరత ఫీనాల్‌ది కాదు, లక్కది. ఇక్కడ మన దేశం నేరుగా కథలోకి వస్తుంది. 78 చుట్ల ప్లేటులో రాతిపొడి, నల్లరంగు, వాటిని పట్టి ఉంచే శుద్ధిచేసిన లక్క ఉంటాయి. మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల మీద లక్కపురుగు పెట్టే పొర అది. ప్రపంచానికి కావలసిన లక్కలో అత్యధిక భాగం చోటానాగపూర్ అడవుల నుంచి, మీర్జాపూర్ బట్టీల నుంచి వెళ్ళేది. మన ఏటికొప్పాకలో అంకుడు కర్ర బొమ్మలకు రంగు పట్టించే లక్క, చార్మినార్ పక్కన లాడ్ బజారులో గాజులు చేసే లక్క, న్యూయార్క్ వీధిలో వినబడే పాట ప్లేటులోని లక్క, మూలం ఒకటే పురుగు.

తుపాకీ గుండ్లకు, తారాజువ్వల సంకేతాలకు, విద్యుత్ తీగల కవచానికి కూడా లక్క కావాలి. తేవడానికి ఓడలు లేవు, సముద్రం నిండా జలాంతర్గాములు. 1942 ఏప్రిల్‌లో అమెరికా యుద్ధోత్పత్తి బోర్డు పాటల కంపెనీల లక్క వాడకానికి 70 శాతం కోత పెట్టింది. పాత ప్లేట్లు తెచ్చి ఇస్తేగానీ కొత్తవి అమ్మని రోజులు వచ్చాయి. అది చాలదన్నట్టు ఆ ఆగస్టు నుంచే వాద్యకారుల సంఘం రికార్డింగులు మానేసి సమ్మెకు దిగింది.

సరిగ్గా ఇలాంటి కాలంలో సైన్యం తన సొంత ప్లేట్లు తీసింది. పేరు ‘వి-డిస్క్’. నడిపించినవాడు రాబర్ట్ వినెంట్ అనే అధికారి. కుర్రతనంలోనే ఎడిసన్ ఇంటివాళ్ళ దగ్గర యంత్రం అడిగి తీసుకుని మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ గొంతు రికార్డు చేసినవాడు. జీవితమంతా పోగేసిన గొంతులతో ఆయన పేరిట మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో ఇప్పటికీ ఒక గ్రంథాలయం ఉంది. సైన్యానికి మాత్రమే, బయట అమ్మబోమని మాట ఇస్తే వాద్యకారుల సంఘం ఈ ప్లేట్లకు సమ్మె నుంచి మినహాయింపు ఇచ్చింది. 1943 అక్టోబరు నుంచి పెట్టెలు బయల్దేరాయి. పెట్టెలో ప్లేట్లు, ముళ్ళు, పాటల కాగితాలు, ఏం నచ్చిందో రాసి పంపమని ప్రశ్నపత్రం. ఫ్యాట్స్ వాలర్ అనే పియానో విద్వాంసుడు ఆ సెప్టెంబరులో వీటికోసం వాయించి డిసెంబరులో కన్నుమూశాడు. 1949లో ఆపేసేనాటికి 80 లక్షలకు పైగా ప్లేట్లు వెళ్ళాయి.

లక్క ప్లేటు పింగాణీ ముక్క వంటిది, విమానంలోంచి దించేలోపే పగిలిపోతుంది. అందుకని వి-డిస్కులను వినైలైట్ అనే ప్లాస్టిక్‌తో, పన్నెండంగుళాల వ్యాసంతో తీశారు. వంగుతుంది, పగలదు. ఒక్కో వైపు ఆరు నిమిషాలకు పైగా పాట పట్టేది. మధ్యలో ఆ ప్లాస్టిక్‌కు కూడా సైన్యపు ఇతర అవసరాల వల్ల కొరత వచ్చి ఫార్మ్‌వార్ అనే మరో పదార్థం వాడవలసి వచ్చింది. యుద్ధం అయ్యాక ఇళ్ళలో లక్క ప్లేటు స్థానాన్ని వినైల్ ఆక్రమించింది. దానికి సైనికుల చేతుల్లో ఇంత పెద్ద పరీక్ష ముందే జరిగిపోయింది.

ఒప్పందం ప్రకారం యుద్ధం తర్వాత మూలప్రతులను నాశనం చేశారు. సైనికులు ఇంటికి తెచ్చుకున్నవాటిని కూడా వెతికి పట్టుకున్నారు. రెండువేల అయిదువందల పైచిలుకు వి-డిస్కులు దాచుకున్నందుకు లాస్ ఏంజెలిస్‌లో ఒక రికార్డు కంపెనీ ఉద్యోగి జైలుకు కూడా వెళ్ళాడు. ఇవాళ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో పూర్తి సెట్టు ఉంది. మిగతావి ఇళ్ళ అటకల మీద నుంచి బజారుకు వస్తుంటాయి.

సైన్యపు యంత్రమంటూ ఒకటి మీ ముందుకు వచ్చిందనుకుందాం. ఆకుపచ్చ పెట్టె, మూత మీద తెల్లటి స్టెన్సిల్ అక్షరాలు. అమ్మేవాడు అక్షరాలు చూపిస్తాడు. మీరు మడతబందులు చూడండి. కర్మాగారంలో పెట్టెకు ముందు రంగు వేసి తర్వాత బందులు బిగిస్తారు, అంచుల మీద రంగు పడదు. స్క్రూల గాడిలో రంగు నిండి ఉంటే ఆ రంగు తర్వాత వచ్చిందే. అంతమాత్రాన దొంగసరుకని తేల్చేయకండి. సైన్యంలో సామానుకు మళ్ళీ మళ్ళీ రంగు వేయడం మామూలే. ఒక మూల గోరంత రంగు పెచ్చు ఊడినచోట ఎన్ని పొరలు ఉన్నాయో భూతద్దంతో లెక్కపెట్టండి. కింద వార్నీషు, దాని మీద ఒకే ఒక్క తాజా ఆకుపచ్చ పొర కనిపిస్తే బేరం ఆపేయండి. 1917 నాటిదని చెప్పిన పెట్టెలో ప్లస్ గుర్తు స్క్రూ కనబడినా అంతే. ఆ స్క్రూలు 1930ల నడుమ గానీ వాడకంలోకి రాలేదు. బ్రిటిష్ సైన్యపు సొత్తయితే లోహం మీద బాణపు ములికి గుర్తు దిగ్గొట్టి ఉండవచ్చు. అప్పట్లో దిగ్గొట్టిన గుర్తుకు అంచులు అరిగి ఉంటాయి, కొత్తగా కొట్టినదానికి పదునుంటుంది. వేలు పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

మన దేశంలో కొనేవాళ్ళకు ఇంకో జాగ్రత్త అవసరం. కుక్కబొమ్మ అంటించి, తళతళలాడే ఇత్తడి బూర బిగించిన ‘పురాతన’ గ్రామఫోనులు ముంబయి చోర్‌బజారులోనూ ఢిల్లీలోనూ కోకొల్లలు. పాత పోర్టబుల్ మోటారును కొత్త చెక్కపెట్టెలో పెట్టి చేసిన సరుకు అది. విదేశీ సేకర్తలు వీటిని చూసి భారతదేశం నుంచి వచ్చిందంటేనే అనుమానపడే స్థితి వచ్చింది. ఇది బాధాకరం. ఎందుకంటే ఆ పెట్టెల కోసం నిజమైన పాత పోర్టబుల్ యంత్రాలను విప్పి చంపేస్తున్నారు. వాటిలో సైనికుల చేతుల మీదుగా వచ్చినవి ఎన్ని పోయాయో ఎవరికి తెలుసు?

అసలైన పాత యంత్రానికి ఒక జబ్బు ఉంటుంది. సౌండు బాక్సును మోసే టోన్ ఆర్మ్ మీదో, సౌండు బాక్సు వెనకో సన్నటి వెంట్రుక బీటలు కనబడతాయి. లోహం కొద్దిగా ఉబ్బి, వంకరపోయి ఉంటుంది. తుప్పు కాదు, దెబ్బ కాదు. ఆ భాగాలను చవకగా పోత పోయడానికి జింకు మిశ్రమం వాడేవారు. అందులో రవ్వంత సీసమో తగరమో కలిసిపోతే, లోహపు రేణువుల సందుల్లోంచి తేమ లోపలికి పాకి ఏళ్ళ తరబడి తినేస్తుంది. 1929లో న్యూజెర్సీ జింక్ కంపెనీ 99.99 శాతం శుద్ధమైన జింకుతో ‘జమాక్’ అనే మిశ్రమం తెచ్చాక గానీ ఈ రోగం కుదరలేదు. బీటలు వచ్చిన భాగానికి మందు లేదు. బిగించవద్దు, నొక్కవద్దు. ఎండలో పెట్టవద్దు, తేమకు వదలవద్దు. విశాఖ, కాకినాడ వంటి ఊళ్ళలో ఉండేవాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి.

శుభ్రం చేసేటప్పుడు ప్లేటు దేనితో చేసిందో తెలియకుండా చెయ్యి వేయకండి. లక్క ప్లేటును స్పిరిటుతో తుడిస్తే పాట కరిగిపోతుంది, లక్క ఆల్కహాలులో కరుగుతుంది కాబట్టి. చల్లటి నీళ్ళలో తడిపిన మెత్తటి గుడ్డ చాలు. ఎడిసన్ డిస్కుకు ఆ నీళ్ళే విషం. పూత కింది దిమ్మలో కలప పొడి ఉంటుంది, అంచు నుంచి తేమ పీల్చుకుని ఉబ్బి పూతను విడగొడుతుంది. దాన్ని పొడిగుడ్డతోనే తుడవాలి. వి-డిస్కును ఉక్కుముల్లుతో వాయించకూడదు. లక్క ప్లేటులో రాతిపొడి ముల్లును మొదటి చుట్లలోనే అరగదీసి గాడికి సరిపోయేట్టు చేసుకుంటుంది. అందుకే ఒక్కో వైపుకు ఒక్కో ముల్లు మార్చేవాళ్ళు. వినైల్‌లో ఆ రాయి లేదు. ముల్లు అరగదు, పాటే అరుగుతుంది. ఎడిసన్ డిస్కును మామూలు సౌండు బాక్సు కింద పెట్టినా అదే గతి. నిట్టనిలువు గాడి కొన్ని క్షణాల్లో పోతుంది.

ఇంకొక్క మాట. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని మిలిటరీ మాధవరం అంటారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ సిపాయిలను పంపిన ఊరది. అలాంటి ఊళ్ళలోనూ, సైన్యంలో చేసిన తాతలున్న ఇళ్ళలోనూ ట్రంకుపెట్టెలు ఇంకా తెరవనివి ఉన్నాయి. వాటిలో ఒక చేతిపెట్టె గ్రామఫోను గానీ, నాలుగు నల్లటి ప్లేట్లు గానీ దొరికితే పాతసామాను వాడికి ఇచ్చేముందు ఒక పని చేయండి. ఎవరు తెచ్చారో, ఏ దళంలో పనిచేశారో, ఏ ఊరి నుంచి ఏ ఏడు తెచ్చారో ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి ఒక కాగితం మీద రాసి పెట్టెలోనే ఉంచండి. ఉన్నది ఉన్నట్టుగా ఫొటోలు తీయండి. రంగు వేయించకండి, పాలిషు పట్టించకండి, గట్టిపడిన స్ప్రింగు డ్రమ్మును ఇంట్లో విప్పకండి, చేతులు తెగుతాయి. తర్వాత దాన్ని ఎవరికి ఇవ్వాలో నెమ్మదిగా ఆలోచించుకోవచ్చు. ఆ కాగితం మాత్రం ఈ నెలలోనే రాయండి. పెట్టె ఇంకో వందేళ్ళు ఉంటుంది, చెప్పగలిగిన మనుషులు ఉండరు.